కడలి గాలిమరలును మాఱుచున్న ఋతువులును



నేడు మీకు విన్నవింపబోవు విషయము సముద్రమధ్యమున నిలిపిన గాలిమరలను గూర్చినది. గాలిమర యనగా గాలి త్రోపుచే తిరుగుచు పనిచేయు యంత్రము. పూర్వము ఐరోపాఖండమున వీనితో ధాన్యము విసరుకొనుచుండిరి. పల్లపు నేలలనుండి నీరు తోడుచుండిరి. నేటి గాలిమరలు విద్యుచ్ఛక్తిని పుట్టించుచున్నవి. రాయలసీమ కొండలమీద మూడు రెక్కలతో తిరుగుచుండు తెల్లని స్తంభములను మీలో ననేకులు చూచియేయుందురు. అట్టివే, అంతకంటె మిక్కిలి పెద్దవి, ఇప్పుడు సముద్రములో నిలుపబడుచున్నవి. అవి యచట నెట్లు నిలుచును? చెడినప్పుడు వానిని బాగుచేయువారెవరు? ఋతువుల నడక మాఱుచున్న యీ కాలమున ఆ పని యేల కష్టతరమగుచున్నది? ఈ మూడు ప్రశ్నలకును క్రమముగా సమాధానము చెప్పుదును.

గట్టుమీద స్థలముండగా సముద్రములోనికి పోవుట యేల యని మీరడుగవచ్చును. గట్టుమీద చెట్లు, ఇండ్లు, గుట్టలు గాలికి అడ్డువచ్చును. సముద్రముమీద అడ్డులేదు, గాలి బలముగాను, నిలుకడగాను వీచును. గాలివేగము రెండింతలైనయెడల దానిలోని శక్తి రెండింతలు కాదు, ఎనిమిదింతలగును. కావున వేగములో కొంచెము హెచ్చు కలిగినను లాభము చాల ఎక్కువ. ఈ కారణముచేత డెన్మార్కు దేశమువారు 1991వ సంవత్సరమున విండెబీ యను చోట, ఒడ్డునకు కొద్ది దూరములో, పదునొకండు మరలను నీటిలో నిలిపిరి. లోకములో నిదియే మొదటిది. ఒక్కొక్క మర శక్తి 450 కిలోవాట్లు మాత్రమే. ఇరువదియైదేండ్లు పనిచేసిన పిమ్మట 2017లో వానిని తొలగించిరి.

ఆ చిన్న ప్రయత్నము నేడు మహావృక్షమైనది. 2024వ సంవత్సరాంతమునకు లోకమునందలి సముద్రపు గాలిమరల మొత్తము శక్తి 80,000 మెగావాట్లకు మించినది. అందులో సుమారు సగము చీనాదేశముది. ఇంగ్లండు తూర్పుతీరమునకు 89 కిలోమీటర్ల దూరమున, 2022లో ముగిసిన హార్న్‌సీ రెండవ క్షేత్రమును జూడుడు. అందు 165 మరలు గలవు. ఒక్కొక్కటి 8 మెగావాట్లది. ఒక్కొక్క రెక్క నిడివి 81 మీటర్లు. అనగా మన పెద్ద దేవాలయముల గాలిగోపురములలో నెక్కువభాగము ఆ రెక్కకంటె పొట్టివియే. ఆ క్షేత్రమును కనిపెట్టియుండు రేవు గ్రిమ్స్‌బీ. ఒకప్పుడు చేపల వేటకు లోకప్రసిద్ధిగన్న యా రేవునుండి నేడు గాలిమరల మరమ్మతుపనివారు బయలుదేరుచున్నారు.

ఇక మర నిర్మాణమును కొంచెము తెలిసికొందము. సముద్రగర్భమున లావైన ఉక్కుగొట్టమును దిగగొట్టుదురు. దానిపై స్తంభము, స్తంభముపై ఇల్లంతటి పెట్టె, ఆ పెట్టెకు ముందు మూడు రెక్కలు. పెట్టెలో విద్యుత్తు పుట్టించు జనరేటరు, బేరింగులు, కొన్ని మరలలో పండ్లచక్రములు, చల్లబఱచు సాధనములు ఉండును. అందు పుట్టిన విద్యుత్తు సముద్రపుటడుగున పఱచిన కేబులు మార్గమున ఒడ్డునకు వచ్చును. గాలి మిక్కుటమై గంటకు సుమారు 90 కిలోమీటర్లు దాటినప్పుడు మర తన రెక్కలను గాలికి ఏటవాలుగా త్రిప్పుకొని తనంతట తానే నిలిచిపోవును.

ఎడ్లబండి యిరుసునకు కందెన వేయక నడపిన నేమగునో మీకు చెప్పనక్కఱలేదు. రాత్రింబగళ్లు తిరుగు యంత్రమునకు సంరక్షణము అంతకంటె నవసరము. కందెన మార్చవలెను, బోల్టులు బిగింపవలెను, రెక్కలు చూడవలెను, చెడిన భాగము తీసి క్రొత్తది పెట్టవలెను. గట్టుమీదనైన పనివాడు బండిలో పోయి సాయంకాలమునకు ఇల్లు చేరును. సముద్రములో ప్రతి చిన్నపనికిని ఓడ కావలెను, ఓడకు శాంతమైన సముద్రము కావలెను. అందుచేతనే సముద్రపు మరల జీవితకాల వ్యయములో నాల్గవవంతునుండి మూడవవంతువఱకు సంరక్షణమునకే పోవుచున్నది.

పని జరుగు తీరును వినుడు. చిన్న యోడ యొకటి పదిపండ్రెండుగురు పనివారితో రేవునుండి బయలుదేరును. మరను సమీపించి తన ముక్కును స్తంభమునకు ఆనించి, యంత్రబలముతో అదిమి పట్టుకొనియుండును. పనివాడు ఓడ ముక్కునుండి ఉక్కు నిచ్చెనమీదికి అడుగు వేయవలెను. ఈ యొక్క అడుగే యీ వృత్తిలో కడు ప్రమాదకరమైనది. అల లేచినప్పుడు ఓడ పట్టు జాఱి, క్షణములో ఒక నిలువెత్తు క్రిందికి దిగిపోవచ్చును. మఱుక్షణమున అంత యెత్తునకు లేచి, నిచ్చెనకును ఓడకును నడుమ నున్న మనుష్యుని నలిపివేయవచ్చును. కావున అలల యెత్తు ఒకటిన్నర మీటరు, అనగా మన కొలతలో మూడు మూరలకు కొంచెము పైన, దాటినయెడల చిన్న యోడలనుండి మరమీదికి ఎక్కుటను సామాన్యముగా మానివేయుదురు.

ఇందొక సూక్ష్మము కలదు. అలల యెత్తును లెక్కించునప్పుడు, పెద్దవగు మూడవవంతు అలల సగటును తీసికొందురు. కావున 'ఒకటిన్నర మీటరు' అని చెప్పిన దినమున, నడుమనడుమ దానికి ఇంచుమించు రెండింతలైన అల యొకటి వచ్చుటకు అవకాశము కలదు. ఆ యొక్క అలకొఱకై పనివాడు సర్వదా జాగరూకుడై యుండవలెను.

మన పల్లెలలో ముసురుపట్టిన దినములలో వాన కాసేపు ఆగినయెడల 'తెఱపి యిచ్చినది' అందుము. సముద్రపు మరల పనియంతయు ఇట్టి తెఱపిమీదనే ఆధారపడియున్నది. పోవుటకు రెండు గంటలు, పనికి ఎనిమిది గంటలు, మరలివచ్చుటకు రెండు గంటలు పట్టు ననుకొందము. పండ్రెండు గంటలు ఎడతెగని తెఱపి యుండినగాని ఆ పని సాగదు. ఉదయము నాలుగు గంటలు, మఱునాడు నాలుగు గంటలు, ఎల్లుండి నాలుగు గంటలు కలిపి పండ్రెండనుటవలన లాభము లేదు. రైతునకు ఈ సంగతి వేఱుగ బోధింపనక్కఱలేదు. వరి కోసి, పనలు ఆఱి, కుప్ప వేయువఱకు వరుసగా పొడిదినములు కావలెను. నెలలో పదిదినములు ఎండ కాసినను, అవి విడివిడిగా నడుమ జల్లులతో వచ్చినయెడల పంట మొలకెత్తును. నెలమొత్తపు వాన లెక్క మాఱకుండగనే పంట పాడుకావచ్చును. ఈ పోలికను జ్ఞాపకముంచుకొనుడు. మున్ముందు దీనితో పని కలదు.

మరమ్మతులో పొరపాటుగాని, వస్తువులో లోపముగాని యున్నచో దాని మూల్యమెంతటిదో తెలుపుటకు ఒక యుదాహరణము చాలును. డెన్మార్కు పడమటి తీరమున హార్న్స్ రెవ్ అనుచోట 2002లో 80 మరలు నిలిపిరి. రెండు సంవత్సరములైనను కాకమునుపే ట్రాన్స్‌ఫార్మర్లలోను, జనరేటర్లలోను లోపములు బయలుపడెను. గట్టుమీద చక్కగా పనిచేసిన సామగ్రి ఉప్పుగాలికిని, సముద్రపు ఒదుడుకులకును తాళలేకపోయెను. 2004లో ఎనుబది మరల తలపెట్టెలను ఓడలమీద ఒడ్డునకు తెచ్చి బాగుచేసి, మరల తీసికొనిపోయి నిలుపవలసివచ్చెను. సముద్రము ఎవరి పొరపాటునకు ఎంత శిస్తు విధించునో ఆనాడు లోకమునకు తెలిసినది.

ఇక ఋతువుల మార్పు సంగతి. బొగ్గును, నూనెలను కాల్చుటవలన పుట్టు బొగ్గుపులుసు వాయువు గాలిలో హెచ్చుచున్నది. పెద్ద యంత్రశాలలు రాకమునుపు గాలి పదిలక్షల పాళ్లలో అది సుమారు 280 పాళ్లుండెను. 2024 నాటికి 420 పాళ్లు దాటినది. ఈ వాయువు భూమినుండి వెలువడు వేడిమిని పైకి పోనీక దుప్పటివలె పట్టియుంచును. 2011 మొదలు 2020 వఱకు గల దశాబ్దిలో భూతలపు సగటు వేడిమి, 1850–1900 నాటి వేడిమికంటె సుమారు 1.1 సెంటిగ్రేడు డిగ్రీలు హెచ్చియుండెను. 1901 మొదలు 2018 వఱకు సముద్రమట్టము సగటున 20 సెంటిమీటర్లు, అనగా ఒక జానెడు, పెరిగినది. ఒక్క డిగ్రీ యేమాత్రమని తోచవచ్చును. జ్వరపడిన బిడ్డ యొంటిమీద ఒక్క డిగ్రీ హెచ్చిననే మనము వైద్యునికొఱకు పరుగెత్తుదుము గదా! ఇదియు సగటు లెక్క. సగటున ఒక్క డిగ్రీ హెచ్చినచోట విపరీతమగు దినములు అనేకములగును.

ఇచట నొక చమత్కారము కలదు. బొగ్గును కాల్చుట తగ్గించి యీ మార్పును అరికట్టుటకే గాలిమరలను నిలుపుచున్నారు. ఆ మార్పే మరలను బాధించుచున్నది. వానిమీద కలుగు ఫలములను ఒక్కొక్కటిగా చూతము.

మొదటిది తెఱపి. ఉత్తర సముద్రముమీద మున్ముందు గాలులు హెచ్చునా తగ్గునా యను విషయమున శాస్త్రజ్ఞులలో ఏకాభిప్రాయము లేదు. కాని వారు ఏకకంఠముగా చెప్పు మాట యొకటి కలదు. గతించిన ముప్పది నలువది యేండ్ల లెక్కలనుబట్టి 'ఈ నెలలో ఇన్ని పనిదినములు దొరకును' అని గీచిన పట్టికను ఇక కన్నులు మూసికొని నమ్మరాదు. 2021వ సంవత్సరపు వేసవిలో ఉత్తర సముద్రముమీదను, చుట్టుపట్ల దేశములలోను గాలి అసాధారణముగా తగ్గిపోయి మరలు మందగించెను. అట్టి వేసవి మరమ్మతునకు అనుకూలమైనను రాబడికి ప్రతికూలము. అందుకు మాఱుగా కొన్ని శీతకాలములలో తుపానుపై తుపాను వరుసగా వచ్చి వారములతరబడి రేవు దాటనీయదు. వెనుక చెప్పిన వరిపనల పోలిక నిచట అన్వయించుకొనుడు. సంవత్సరపు సగటు మాఱకున్నను, తెఱపుల నిడివి తఱిగి అవి ముక్కలైనయెడల పని నిలిచిపోవును.

దీని నష్టమును లెక్కకట్టి చూతము. 8 మెగావాట్ల మర సగటున సగము శక్తితో తిరుగుచున్నదనుకొనుడు. దినమునకు 96,000 యూనిట్ల విద్యుత్తు పుట్టును. చిన్న భాగమొకటి చెడి, తెఱపి దొరకక, పదిదినములు మర నిలిచినయెడల 9,60,000 యూనిట్లు పోయినట్లే. నెలకు నూఱు యూనిట్లు వాడుకొను సంసారములు ఎనిమిదివందలకు అది సంవత్సరమంతయు సరిపోవును. చెడిన వస్తువు వెల కొద్దిది. వేచియుండుటకైన వెల గొప్పది.

రెండవది వాన. గాలి ఒక డిగ్రీ వేడెక్కినయెడల నూటికి ఏడు వంతుల చొప్పున ఎక్కువ నీటియావిరిని ధరింపగలదు. కావున వాన కురిసినప్పుడు కుంభవృష్టిగా కురియుట హెచ్చుచున్నది. ఇది రెక్కలకు ముప్పు. పెద్దమర రెక్క కొన గంటకు సుమారు 300 కిలోమీటర్ల వేగముతో తిరుగును. అంత వేగమున తాకినప్పుడు వానచినుకు నీటిబొట్టువలె గాక గులకఱాతివలె తగులును. కొన్నియేండ్లకు రెక్క అంచున పూత లేచి, గుంటలుపడి, గరుకగును. గరుకైన రెక్క గాలిని చక్కగా పట్టుకొనలేదు, రాబడి తఱుగును. దానిని బాగుచేయుటకు పనివారు త్రాళ్లతో రెక్కమీదికి దిగి, అంచు నొఱసి, క్రొత్తపూత పూయవలెను. ఆ పూత ఆఱుటకు తేమలేని గాలి కావలెను. వానచేత చెడినదానిని బాగుచేయుటకు వానలేని దినము కావలసియున్నది. కష్టమంతయు ఇందే యున్నది.

మూడవది నీటి వేడిమి. 2023వ సంవత్సరము జూన్ నెలలో బ్రిటిషు దీవుల చుట్టును సముద్రజలము కొన్నిచోట్ల వాడుకకంటె నాలుగైదు డిగ్రీలు వేడెక్కెను. నీరు వేడెక్కినకొలది లోహమును తుప్పు తినుట త్వరపడును. దీనిని వారించుటకు ఉక్కుగొట్టములకు అల్యూమినియము మొదలగు లోహపుదిమ్మలను తగిలింతురు. ఆ దిమ్మ తాను కరగుచు స్తంభమును కాపాడును. ఇంటి పెద్ద తాను కృశించుచు సంసారమును నిలుపునట్లు. అవి ఎంత కరగినవో చూచి, అయిపోవకముందే క్రొత్తవి పెట్టవలెను. ఇదిగాక స్తంభములకు నాచు, ఆలిచిప్పలు, గుల్లలు దట్టముగా అంటుకొనును. సముద్రము వేడెక్కుటవలన దక్షిణపు ప్రాణులు క్రమముగా ఉత్తరమునకు జరుగుచున్నవి. అంటిన పొర మందమైనకొలది స్తంభము లావగును. లావైన స్తంభమును అల ఎక్కువ బలముతో త్రోయును. నిచ్చెనమెట్లమీద పెరిగిన నాచు పనివాని కాలు జాఱ్చును. కావున గీకి శుభ్రపఱచు పని మఱింత తఱచుగా చేయవలసివచ్చును.

నాలుగవది సముద్రపు నేల. వఱదలో ఏటి వంతెన స్తంభముచుట్టు ఇసుక కోసికొనిపోయి గుంటపడుట మీరెఱిగినదే. సముద్రములోను అట్లే జరుగును. దానిని ఆపుటకు స్తంభము మొదట రాళ్లు పోయుదురు. గొప్ప తుపానులలో రాళ్లును కదలును, కేబులుపైని ఇసుక తొలగి అది బయటపడును. 2021లో ఐరోపాలో అనేక క్షేత్రములందు కేబులు తొడుగులు ఆ కాపుదలరాళ్లమీదనే కదలుచు ఒఱసికొని అరుగుచున్నట్లు కనుగొనిరి. ఒకదానిని కాపాడుటకు వేసినది వేఱొకదానిని అరుగదీసినది. కేబులు తెగినయెడల ఒక్క మర కాదు, వరుసయంతయు నిలిచిపోవును. కావున ప్రతి గొప్ప తుపాను పిమ్మటను సముద్రగర్భమును యంత్రములతో కొలిచి చూచుట ఆవశ్యకమగుచున్నది. ఇక సముద్రమట్టము పెరిగినయెడల స్తంభముమీది అరుగునకును, అల శిఖరమునకును గల యెడము ఆమేరకు తగ్గును.

అన్నియు నష్టములే యని చెప్పుట న్యాయము కాదు. బాల్టికు సముద్రమున, బోత్నియా అఖాతమున, శీతకాలములో నీరు గడ్డకట్టును. ఫిన్లండువారు 2017లో తాహ్కొలూటో యనుచోట, మంచుగడ్డల ఒత్తిడికి తాళునట్లు ప్రత్యేకముగా కట్టిన పునాదులమీద మరలను నిలిపిరి. అట్టిచోట్ల మంచు తఱిగినకొలది ఓడలు తిరుగుట కొంత సుళువగును. అయినను మంచుకప్పు లేని సముద్రమున అలలు స్వేచ్ఛగా లేచును. ఒకచేత నిచ్చి మఱియొకచేత తీసికొనుట ప్రకృతికి అలవాటే.

ఇక ఈ చిక్కులకు కనుగొన్న ఉపాయములు. చిన్న యోడకు బదులు, పనివారు వారములతరబడి నివసించు పెద్ద యోడలను క్షేత్రముమధ్యనే ఉంచుచున్నారు. హార్న్‌సీ రెండవ క్షేత్రమున నిట్లే చేయుచున్నారు. ఆ యోడలకు ఒక వంతెన యుండును. ఓడ ఎంత ఊగినను వంతెన కొన మాత్రము స్తంభమునొద్ద కదలక నిలుచునట్లు యంత్రము సవరించుచుండును. ఇందువలన రెండున్నర మీటర్లు, అంతకు కొంచెము మించిన అలలలోను పనివాడు నడచి దాటగలుగుచున్నాడు. ఒకటిన్నరనుండి రెండున్నరకు పోవుట చిన్న భేదముగా తోచినను, శీతకాలమున దొరకు పనిదినములు దీనిచే ఎంతయో హెచ్చును.

రెండవ యుపాయము వ్యాధి ముదరకమునుపే కనిపెట్టుట. మరలో అంగాంగమునను వేడిమిని, కంపనమును కొలుచు సాధనములుండును. బేరింగు చెడిపోవుటకు వారముల ముందే దాని సవ్వడి మాఱును. ఒడ్డునందలి నిపుణుడు నాడి చూచిన వైద్యునివలె దానిని గ్రహించి, రాబోవు తెఱపిలోనే బాగుచేయించును. మనుష్యుడు లేని చిన్న విమానములు రెక్కలను చిత్రములు తీయుచున్నవి. మూడవది, వడిగా వాన కురియునప్పుడు మర వేగమును కొంత తగ్గించుట. ఆ కొద్దిసేపు స్వల్పముగా రాబడి తగ్గినను రెక్క ఆయువు పెరుగును. డెన్మార్కు పండితులు ఈ మార్గమును పరిశోధించియున్నారు. నాల్గవది, పెద్దపనులను వేసవి కుదిర్చి, శీతకాలమునకు అత్యవసరములను మాత్రమే మిగుల్చుట. ఐదవదియు ముఖ్యమైనదియు పట్టికలను ఏటేట సరిదిద్దుకొనుట.

ఉష్ణదేశముల సంగతి వేఱు. అచట గాలివాన భయము ప్రధానము. గాలివేగము రెండింతలైనయెడల అది మరమీద చూపు ఒత్తిడి నాలుగింతలగును. 2024వ సంవత్సరము సెప్టెంబరులో యాగీ యను తుపాను చీనాదేశపు హైనాన్ దీవిని తాకినప్పుడు, వెంచాంగు తీరమున గట్టుమీది పెద్ద గాలిమరలే కొన్ని కూలిపోయెను. లోకమంతట గాలివానలలో మిక్కిలి తీవ్రమగువాని పాలు గత నాలుగు దశాబ్దులలో హెచ్చియున్నట్లు శాస్త్రజ్ఞులు భావించుచున్నారు.

ఈ విషయము మన దేశమునకును పరాయిది కాదు. భారత ప్రభుత్వము 2015లో సముద్రపు గాలిశక్తి విధానమును ప్రకటించినది. 2024 జూన్‌లో గుజరాతు తీరమున 500 మెగావాట్లు, తమిళనాడు తీరమున 500 మెగావాట్లు నెలకొల్పుటకు సహాయముగా 7,453 కోట్ల రూపాయల పథకమును కేంద్రమంత్రివర్గము అంగీకరించినది. గుజరాతు తీరమునకు గాలివాన క్రొత్త కాదు. 2021 మే 17వ తేది రాత్రి తౌక్తే తుపాను ఆ తీరమునే దాటినది. అదే దినమున బొంబాయికి పడమట, నూనెబావుల మరమ్మతు పనివారు నివసించు పెద్ద దోనె లంగరులు తెగి కొట్టుకొనిపోయి మునిగినది. దానితోపాటు ఒక టగ్గు పడవయు మునిగినది. ఈ రెంటిలో ఎనుబదిమందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. తుపాను రాకను వాతావరణశాఖ ముందుగానే హెచ్చరించియుండెను. హెచ్చరిక లేక కాదు, హెచ్చరికకును దానిని పాటించుటకును నడుమనున్న యెడమువలననే ఇంతటి యనర్థము వాటిల్లినది.

అది నూనెబావుల పని, గాలిమరల పని కాదు. అయినను సముద్రములో మరమ్మతు చేయువాని జీవనము రెండుచోట్లను ఒక్కటియే. కావున మన తీరములయందు గాలిమరలు వెలయుటకు పూర్వమే నిర్ణయించుకొనవలసిన ధర్మము ఒకటి కలదు. 'నేడు పోరాదు' అను మాట చెప్పు అధికారము ఓడనడపువానికిని, నిచ్చెన నెక్కువానికిని ఉండవలెను. ఆ మాట చెప్పినందులకు వారికి కూలినష్టముగాని, మాటపడుటగాని కలుగరాదు. మర నిలిచిన దినమునకు లెక్క కట్టువారు కార్యాలయములో కూర్చుండియుందురు. అల యెత్తును చూచువాడు ఓడ ముక్కున నిలిచియుండును. ఋతువుల నడక తెలియని కాలమున, పట్టికకంటె అతని కన్నులకు ఎక్కువ విలువ నీయవలెను.

మన పూర్వులు చెఱువుకట్ట వేయునప్పుడు తాము చూచిన పెద్దవఱద గుర్తునకు పైన మఱికొంత యెత్తు ఉంచిరి. తాము చూడని వఱద రాకపోదని వారికి తెలియును. కట్ట వేసి ఊరకుండక, ఏటేట తూములు చూచి, గండ్లు పూడ్చి, కలుజు శుభ్రపఱచిరి. ఏ తరమున ఆ పని మానిరో ఆ తరమున కట్ట తెగినది. సముద్రములోని యుక్కుస్తంభమునకును న్యాయమిదియే. క్రొత్తది నిలుపునాడు పండుగ చేయుటకు అందఱును వత్తురు. తుప్పు గీకునాడు వచ్చువాడు ఒక్కడే. కాని ఇరువదియైదేండ్లు దీపము వెలుగుట ఆ యొక్కని చేతిలోనే యున్నది.

మీ పిల్లలలో కొందఱు రేపు ఇట్టి పనులకు పోవచ్చును. తీరగ్రామముల యువకులకు అలను చదువుట పుట్టుకతో వచ్చిన విద్య. దానికి యంత్రవిద్య తోడైనయెడల వారికంటె తగినవారు దొరకరు. పోవు బిడ్డకు పెద్దలు చెప్పవలసిన మాట ఒక్కటియే: పని రేపైనను చేయవచ్చును, తెఱపి లేనినాడు ఒడ్డున నిలుచుట పిఱికితనము కాదు.